రంగు మారని కాగితం

అప్పట్లో నేను అనకాపల్లి నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. రెండు వేల అయిదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. మునగపాక వైపు ఒక చెరకు రైతు ఆవు ఇంటి బావి నీళ్లు తాగి చచ్చిపోయింది. చుట్టూ ఉన్న నాలుగిళ్లకూ అదే బావి. ఆ రోజు నుంచి రైతు భార్య మోకాళ్ల నొప్పులతోనే బడి దగ్గర బోరు నుంచి నీళ్లు మోస్తోంది.

ఒక కెమిస్ట్రీ లెక్చరర్ చవకగా తయారుచేసిన కాగితం ముక్కలతో ఆ నీళ్లు పరీక్షించడానికి వస్తే, నేనూ వెంట వెళ్లాను. కాగితం మీద పల్చటి ప్లాస్టిక్ పూత. పూతలో ఒక పురుగుమందు అణువు సరిగ్గా పట్టేటంత గుంటలు. నీళ్లలో ఆ మందు ఉంటే వచ్చి వాటిలో కూర్చుంటుంది, కాగితం ఎర్రబడుతుంది. మన ముక్కు వాసన పట్టే తీరు చూసి నేర్చుకున్న పని అన్నాడాయన.

"కానీ ఆ ఒక్క మందునే పట్టుకుంటుంది. ఇంకోటి ఎంతున్నా దీనికి తెలీదు."

"అయితే మా బావలాటిదే," అన్నాడు రైతు. "సారా కొట్టు తప్ప ఊళ్లో ఇంకేటీ అగపడదు ఆడికి."

కాగితం తెల్లగానే ఉంది.

"ఇంక తాగొచ్చా బాబూ?" ఆమె నన్నడిగింది.

"ఇంకా పరీక్షలున్నాయమ్మా, ఆగండి," అన్నాడు లెక్చరర్.

ముఖ్యమైనది పైన, మిగతాది కింద. వార్త అలాగే రాయడం నా అలవాటు. బావిలో మందు దొరకలేదన్నది పైన పెట్టాను. పరీక్ష ఒక్క మందుకే అన్నది చివరి వాక్యం. చోటు చాలకపోతే పత్రికాఫీసు డెస్కులో కింది నుంచి కోస్తారని తెలిసే అలా రాశాను. మర్నాడు ఆ వాక్యం లేదు. శీర్షిక మాత్రం "బావి నీరు సురక్షితం". చిన్న వార్తే కదా అని ఊరుకున్నాను.

నెల తిరక్కుండా రైతు భార్య ఆసుపత్రిలో చేరింది. వాంతులు తగ్గాయి గానీ కాళ్లలో సత్తువ పోయింది. నీళ్లు పెద్ద ల్యాబుకు పంపితే వేరే మందు బయటపడింది.

"మేస్టారు ఆగమన్నారు. నానూ ఆగమన్నాను," అన్నాడు రైతు మంచం పక్కన. "పేపర్లో ఏసేరు గదా, ఇంకేటి అనుమానం అంది."

కోసేసిన వాక్యం సంగతి నేను చెప్పలేదు.

"ఇప్పుడు నీళ్లు బాలేవని ఏత్తారా బాబూ?" మంచం మీంచి అడిగిందామె.

వేస్తామన్నాను. పాత వార్త అని డెస్కు వెయ్యలేదు. ఇంకేం చెయ్యాలో తెలియక, స్కూటరు మీద వెళ్లి, ఆ నీళ్లు తాగొద్దని ఆ నాలుగిళ్లకూ నేనే చెప్పాను. ఆఖరి ఇంటాయన చివరిదాకా విన్నాడు.

"ఆయమ్మది వాతం," అన్నాడు. లోపలికి వెళ్లి, మడత పెట్టి దాచుకున్న మా పేపరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సదవండి. మీరే గదా ఏసేరు."