నిదానం వాడుకోని గంట

క్లాసులో ఆ అమ్మాయికి 'నిదానం' అని పేరు పెట్టింది ఎవరో గాని, వాళ్ళకి పుణ్యం రాదు. తెలివిలో ఆమె ఎవరికీ తీసిపోదు. పాఠం ఒకసారి వింటే చాలు, పట్టేసేది. వేళ్ళే మాట వినవు. పుట్టినప్పటి నుంచీ బిగుసుకుపోయిన చేతులవి. కలాన్ని పిడికిట్లో పట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ బతిమాలి కాగితం మీదకి దించాలి. మిగతావాళ్ళు పేజీ తిప్పే వేళకి ఆమె పేరా మధ్యలో ఉంటుంది.

వాళ్ళమ్మ బట్టల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా నిలబడి గుడ్డలు విప్పి చూపించడం, మళ్ళీ మడతలు పెట్టడం. కూతురు కాలేజీలో చేరగానే, ఇలాంటి పిల్లలకి పరీక్షలో అదనంగా గంట ఇవ్వాలని రూలు ఉందని ఎవరో చెప్పారు. ఇక చూడండి, ఆవిడ చెప్పులరిగేలా తిరిగింది. డాక్టరు దగ్గరికి వెళితే కాలేజీవాళ్ళు అడిగితే రాసిస్తానన్నాడు. కాలేజీకి వెళితే డాక్టరు రాసిస్తే అడుగుతామన్నారు. సెలవు పెట్టినప్పుడల్లా యజమాని చేత మాటలు పడింది. తలప్రాణం తోకకొచ్చాక, ఆ గంట మంజూరైంది.

తల్లికి ఎంత నోరుందో కూతురికి అంత మొహమాటం. అది పుట్టుకతో వచ్చింది కాదు, మనమంతా కలిసి నేర్పిందే. డబ్బా మూత తీసిపెట్టమన్నా, బస్సెక్కేటప్పుడు సంచి పట్టుకోమన్నా, ఎదుటివాళ్ళ మొహంలో ఓ చిన్న విసుగు తొంగిచూస్తుంది. చిన్నప్పటి నుంచీ దాన్ని చూసీ చూసీ, విసుగు పుట్టకముందే పసిగట్టి తప్పుకోవడంలో ఆరితేరిపోయింది. అందుకే అందరూ ఆమెని మంచిపిల్ల అంటారు. ఎవరినీ ఏమీ అడగని పిల్లని మంచిది అనడానికి మనకేం కష్టం?

మొదటి పరీక్షనాడే సంగతి తేలిపోయింది. గంట కొట్టగానే అందరూ బిలబిలమంటూ వెళ్ళిపోయారు. అటెండరు ఒక్క ఫ్యాను వదిలి మిగతావన్నీ ఆపేసి, తాళంకప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కాపలాకి మిగిలింది లెక్కల మేడం. ఆవిడ చెడ్డమనిషేమీ కాదు, అదే ఇక్కడ వచ్చిన చిక్కు. పసివాణ్ణి క్రెష్‌లో వదిలి వచ్చింది. ఫోను మోగితే కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇంకాసేపు ఉంచుకోమని, ఇక్కడ ఒకమ్మాయి ఇంకా రాస్తోందని లోగొంతుకతో చెప్పింది. తిరిగొచ్చి, చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ, "నువ్వు రాసుకోమ్మా, నాకేం తొందర లేదు," అంది.

నిదానం ఇంకో రెండు వాక్యాలు గీకి కాగితాలు ఇచ్చేసింది. మేడం మొహం విప్పారడం చూసి ఆమెకి నిజంగానే సంతోషమేసింది. బయట కాచుకుని ఉన్న అమ్మతో అంతా రాసేశానని చెప్పింది. ఆ తర్వాత ప్రతి పరీక్షకీ అదే మేడం, అదే తంతు. తెలిసిన జవాబులు తలలోనే ఉండిపోయేవి, మార్కులు బొటాబొటిగా వచ్చేవి. గంట ఇప్పించినా ఇంతే అంటే, పిల్లకి వచ్చింది ఇంతేనేమో అని తల్లి లోలోపల సరిపెట్టుకుంది.

నిదానానికి చరిత్రలో పైచదువు చదవాలని ఆశ. సీటు రావాలంటే చివరి ఏడాది మార్కులు దండిగా రావాలి. ఏమైనా సరే, ఈసారి గంటంతా కూర్చుని తీరాలని ఒట్టు పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే పరీక్షల అధికారి పిలిపించాడు. తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి లెక్కల మేడం కూడా అక్కడే కూర్చుని ఉంది.

అదనపు గంటని ఈ అమ్మాయి ఒక్కసారి కూడా పూర్తిగా వాడుకోలేదని, అక్కర్లేని దానికి సిబ్బందిని కూర్చోబెట్టడం కుదరదని, అందుకే ఎత్తేస్తున్నామని ఆయన చెప్పాడు. గొంతులో కోపం లేదు, పైగా మెచ్చుకోలు. అవసరం లేకుండా నెగ్గుకొచ్చినందుకు అభినందించాడు కూడా. తల్లి చివాలున కూతురి వైపు తిరిగి చూసింది.

"ఎవరైనా నిన్ను తొందరపెట్టారా అమ్మా? అలా జరిగుంటే చెప్పు, గంట ఉంచేస్తాను," అన్నాడాయన.

మేడం బల్ల అంచునే చూస్తోంది. చెబితే ఆవిడ ఉద్యోగానికి మచ్చ. చెప్పకపోతే గంటా పోతుంది, సీటూ పోతుంది. నిదానానికి రెండూ తెలుసు. అయినా, తన మూలంగా ఒక మనిషి మొహం మాడిపోవడం ఎదురుగా కూర్చుని చూడలేననిపించింది.

"లేదు సార్. ఎవరూ తొందరపెట్టలేదు."

మెట్లు దిగుతూ తల్లి ఒక్కటే మాట అంది. "నీకోసం ఊరందరితో పోట్లాడాను. నువ్వేమో నాకే అబద్ధం చెప్పావు కదే." 

చరిత్ర పరీక్షలో వచ్చిన ప్రశ్నలన్నీ ఆమెకి కొట్టినపిండే. గంట మోగేసరికి సగం మిగిలిపోయాయి. కాగితాలు పోగుచేస్తూ వచ్చిన లెక్కల మేడం ఆమె బల్ల దగ్గర చెయ్యి చాపింది. నిదానం వదల్లేదు. ఇన్నేళ్ళకి నోరు విప్పింది.

"నాకు రాక కాదు మేడం. మీ బాబు ఎదురుచూస్తుంటాడని అప్పుడు ఇచ్చేసేదాన్ని."

మేడం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేనడిగానా అమ్మా నిన్ను?"

అడగలేదు. ఆ మాట నిజమే. కాగితాల మీద బిగుసుకున్న వేళ్ళు విడిపడడానికి కాసేపు పట్టింది. మేడం అంతవరకూ ఓపిగ్గా ఆగి, కాగితాలు తీసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది.