వ్యాను కీచుమన్న రోజు

పొద్దున పర్చూరు రోడ్డు మీద మా పాత వ్యాను కీచుమంది. మెకానిక్ బానెట్ ఎత్తి, అరిగిన ఫ్యాన్ బెల్టు మారుస్తుంటే కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఆ వాసనకి నేను మా నాన్న వ్యానులోకి వెళ్ళిపోయాను. కాలే రెక్సిన్ సీట్లు, వెనక మిరపకాయల ఘాటు, మీకూ గుర్తున్నాయా?

నా చిన్నప్పుడు ఒక రోజు ఆయాసంతో ఉన్న నాయనమ్మని ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. దారిలో ఇలాగే కీచుమంది. వేడి చూపే ముల్లు పైకి పాకింది. నాన్న ఆపి చూస్తే బెల్టు నిండా పగుళ్ళు, అంచుల్లో పోగులు లేచాయి.

"ఇది తెగిందంటే ఇక్కడే ఆగిపోతామే," అన్నాడు అమ్మతో.

"సీటు కింద ఇంకోటి ఉందిగా, వెయ్యండి!" అంది అమ్మ, నాయనమ్మ వీపు రాస్తూ.

నాన్న సీటు కింద నుంచి కొత్త బెల్టు తీశాడు. బోల్టు వదులు చేసి, బెల్టు మార్చి, బిగించి, వేలితో నొక్కి చూసుకున్నాడు. బండి కదిలింది. కీచు లేదు.

నాయనమ్మ కళ్ళు తెరవకుండానే, "ఏరా, మళ్ళీ ఆగిపోయిందా?" అంది.

"లేదమ్మా, పోతున్నాం," అన్నాడు నాన్న.

సాయంత్రానికి ఆసుపత్రిలో ఆయాసం తగ్గి, నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుని కాఫీ అడిగింది. నాన్న గ్లాసు పట్టుకుని పరిగెత్తాడు.