యంత్రాలకు పరీక్ష పెట్టిన మేష్టారు

మా స్కూల్లో పిల్లలకు పరీక్షలు పెట్టే మేష్టార్లు పద్దెనిమిది మంది ఉండేవారు. యంత్రాలకు పరీక్ష పెట్టే మేష్టారు మాత్రం ఒక్కరే, మా సైన్సు మేష్టారు. ఎంత పెద్ద కంపెనీ నుంచి వచ్చిన యంత్రమైనా సరే, ఆయన పరీక్ష పాసైతేనే ఎనిమిదో తరగతి గడప తొక్కాలి. లేకపోతే వచ్చిన దారినే వెళ్ళాలి.

నేను అక్కడ డ్రాయింగు మేష్టారిని. పదకొండేళ్ళు స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీ నాదే. కాబట్టి ఆయన పిచ్చి గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు.

మొదట ప్రొజెక్టరు వచ్చింది. బిగించడానికి వచ్చిన మనిషి నిచ్చెనెక్కబోతుంటే మేష్టారు అడ్డుపడ్డారు.

"ఆగు బాబూ, దానికింకా సీటు రాలేదు."

కిటికీలన్నీ బార్లా తెరిచారు. చివరి బెంచీలో కూర్చుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని తెరవంక చూశారు.

"ఏమీ కనబడ్డం లేదు."

"జోడు పెట్టుకుంటే కనబడుతుందండీ!"

"నాకు తెలుసు. దానికి తెలియాలిగా."

ప్రొజెక్టరు ఫెయిలు. తెర ముందుకు జరిపి, అక్షరాలు రెండింతలు చేశాక గాని గట్టెక్కలేదు.

తర్వాత స్మార్ట్ బోర్డు. మెరిసిపోతూ వచ్చింది. పచ్చటి తెరమీద ఎర్రటి అక్షరాలతో పాఠం మొదలుపెట్టిందో లేదో, మేష్టారు చెయ్యెత్తారు.

"ఎరుపు చెల్లదు."

"ఎందుకండీ, ఎంత అందంగా ఉందో!" అన్నాను నేను. రంగుల విషయంలో నాదే కదా ఆఖరి మాట.

"చెల్లదంతే."

పాఠాలన్నీ తెలుపుమీద నలుపుగా మార్చేదాకా దాన్ని ముట్టుకోలేదు. చిన్నప్పుడు ఎర్రచొక్కా వేసుకుంటే మేష్టారిని ఎద్దు తరిమి ఉంటుందని పిల్లలు కథ కట్టారు. ఆ ఎద్దు బొమ్మ వేసిపెట్టింది నేనే.

ఇంట్లో కూడా ఇదే వరస. ఓ ఆదివారం వాళ్ళింటికి వెళ్తే వాళ్ళావిడ సబ్బు చేతులతోనే తలుపు తీసింది.

"వాషింగ్ మెషిన్ వచ్చి తొమ్మిది రోజులైందన్నయ్యా. అదింకా ఇంటర్వ్యూలోనే ఉంది. బట్టలు నేనే ఉతుకుతున్నా."

"మరి పెళ్ళికి ముందు నీకేం పరీక్ష పెట్టారమ్మా?" అన్నాను.

లోపలినుంచి మేష్టారి గొంతు వినబడింది. "పరీక్ష పెట్టింది తనేనండీ! గ్రేసు మార్కులతో బయటపడ్డాను."

ఇలా నవ్వుకుంటూ ఉండగానే మాట్లాడే టాబ్లెట్ వచ్చింది. పిల్లలు నోటితో ప్రశ్న అడిగితే, తేనె పూసినట్టు జవాబు చెబుతుంది. ఎవరెన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టి, తనే మార్కులు కూడా వేస్తుంది. మా హెడ్‌మిస్ట్రెస్ గారికి అది తెగ నచ్చేసింది. స్టాఫందరినీ కూర్చోబెట్టి, కంపెనీ ఇంజనీరు చేత ప్రదర్శన ఇప్పించారు. మేష్టారు లేచారు. మాకు వినోదం మొదలైంది.

మొదటి ప్రశ్న గడగడా అడిగారు. జవాబు వచ్చింది. రెండోది గది చివర నిలబడి గుసగుసగా అడిగారు. దానికీ వచ్చింది. ఇంజనీరు మీసం దువ్వుకున్నాడు. మూడోసారి మేష్టారు దగ్గరగా వచ్చి, "మొ... మొ... మొక్కలు ఆ... ఆ..." అన్నారు.

"మీ ప్రశ్న అర్థం కాలేదు. తర్వాతి విద్యార్థి అడగవచ్చు," అంది తేనెగొంతు.

మేమంతా పగలబడి నవ్వాం. హెడ్‌మిస్ట్రెస్ గారు మాత్రం నవ్వలేదు.

"మేష్టారూ, మీకు నత్తి ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచేనండీ."

"మామూలుగా అడగండి సార్," అన్నాడు ఇంజనీరు.

"పరీక్ష రాసేది అదా, నేనా?" అని మేష్టారు తన నల్ల రిజిస్టరు తీసి 'ఫెయిలు' అని రాసుకున్నారు.

హెడ్‌మిస్ట్రెస్ గారి ఓపిక నశించింది. "ఇన్నాళ్ళూ మీ వేషాలు భరించాను. సోమవారం నుంచి ఇది అన్ని క్లాసుల్లోనూ ఉంటుంది. ఇష్టం లేకపోతే ఎనిమిదో తరగతి ఇంకొకరికి ఇస్తాను."

"అలాగేనండీ. ఫెయిలైనదాన్ని నా చేత్తో నేను క్లాసులోకి పంపలేను."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వేళాకోళం లేదు. మా నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

సాయంత్రం నా చేతిలో ఆ రిజిస్టరు పెట్టారు. "నా తర్వాత క్లాసు తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. పనికొస్తుంది."

ఇంటికి తీసుకెళ్ళి తెరిచాను. ప్రతి పరీక్షకీ ఎదురుగా పేరు లేదు, ఓ బెంచీ గుర్తు మాత్రం ఉంది. 'చివరి బెంచీ, గోడ పక్క. జోడు విరిగి నాలుగు నెలలు. ఇంట్లో చెప్పలేదు.' 'రెండో వరుస, ఎడమ. ఎరుపూ పచ్చా ఒకటిగానే కనిపిస్తాయి. వాడికే తెలియదు.' ఆకులకు ఎరుపు పూశావేంట్రా అని నేను చెవి మెలిపెట్టినవాడు వాడే! పదకొండేళ్ళ అనుభవం, రంగుల విషయంలో ఆఖరి మాట! చివరి పేజీలో, 'మూడో వరుస, కిటికీ పక్క. మాట తడబడుతుంది. స్కూలు తెరిచాక ఒక్క ప్రశ్నా అడగలేదు.'

పొద్దున్నే ఆయన్ని పట్టుకున్నాను. "ఇదంతా నిన్ననే చెప్పి ఉండొచ్చుగా మేష్టారూ!"

"చెబితే అందరూ ఆ పిల్లవంక చూస్తారు. పిచ్చి మేష్టారంటే నావంక చూస్తారు. నాకేం, అలవాటేగా."

నేను ఆయన్ని అడక్కుండా రిజిస్టరు పట్టుకెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ గారి ముందు పెట్టాను. ఆవిడ పేజీలన్నీ చదివారు. కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి చదివారు. తర్వాత ఇంజనీరుకి ఫోను కలిపారు.

"మీ టాబ్లెట్ ఫెయిలైందండీ. కాస్త ఓపిక నేర్పించి తీసుకురండి. అప్పటిదాకా మా స్కూలుకి వద్దు."

పదిహేను రోజులకి అది తిరిగొచ్చింది. మేష్టారు స్కూలంతా చూస్తుండగా దాని ముందు ఒకటిన్నర నిమిషం నత్తి కొట్టారు. అది కిక్కురుమనకుండా విని, ఆ తర్వాతే జవాబు చెప్పింది. పాసు!

క్లాసులో మొదటిరోజు నేనూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. చాలాసేపటికి మూడో వరుస కిటికీ పక్క చెయ్యి లేచింది. "పి... పి... పిడుగు ఎం... ఎందుకు పడుతుంది?" ఒక్కరూ నవ్వలేదు. నత్తి మీద ఉన్న జోకులన్నీ అప్పటికే మేష్టారి మీద ఖర్చయిపోయాయి.

యంత్రం ఆగింది, విన్నది, చెప్పింది. ఆ పిల్ల ఇంకోటి అడిగింది. దాని జవాబులోంచి మరోటి లాగింది. పక్కవాళ్ళు "మా వంతు, మా వంతు" అంటున్నా టాబ్లెట్ వదల్లేదు. తొమ్మిదో ప్రశ్న అవుతుండగా గంట కొట్టారు. పదోదానికి నోరు తెరిచింది.

మేష్టారు మెల్లగా వచ్చి టాబ్లెట్ అందుకున్నారు.

"ఇక చాల్లే తల్లీ. పాపం, దాన్ని కాస్త ఊపిరి తీసుకోనీ."