నవ్వు లేని ఫోటోలు

ఆ రోజు మంచు వల్ల డిట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్లన్నీ ఆగిపోయాయి. కూర్చుని కూర్చుని విసుగొచ్చి మా ఆరేళ్ల చిన్నీకి ఫోటోలు తీయబోయాను. అదేమో నవ్వదే!

"ఒక్క స్మైల్ ఇవ్వవే, ప్లీజ్!"

"నో మమ్మీ! ఫ్రంట్ టీత్ లేదు కదా."

ఎదురు కుర్చీలోని ముసలాయన మా గొడవ చూసి పలకరించాడు. లండన్ ఆయన. ఫ్యాషన్ పత్రికలకి ఫోటోలు తీస్తూనే జీవితమంతా గడిపాడట.

"నేనైతే ఏ మోడల్‌నీ నవ్వనిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు ఇంగ్లీషులో. "నవ్వితే జనం ముఖమే చూస్తారు, బట్టలు చూడరు. మా అమ్మాయి నా స్టూడియోలోనే పెరిగింది. ఇంట్లో నేను కెమెరా తీస్తే చాలు, నవ్వుతున్నది కాస్తా టక్కున ఆపేసేది. ఎంత బాగా నేర్చుకుందో అని మురిసిపోయేవాణ్ణి."

చిన్నీ వైపు చూస్తూ మళ్లీ అన్నాడు. "పోయినేడు మా అమ్మాయి అంత్యక్రియల్లో పెట్టడానికి నవ్వే ఫోటో కోసం ఇల్లంతా వెతికాం. ఒక్కటీ లేదు."

ఆయన చెయ్యి చాపి నా కెమెరా అడిగాడు. చిన్నీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, తన కట్టుడు పళ్లు తీసి బోసినోరు చూపించాడు. అది పొట్ట పట్టుకుని పకపకా నవ్వింది.

ఫ్లైట్ ఎక్కాక చూస్తే కెమెరాలో ఆ ఫోటో లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన కెమెరా పైకెత్తనే లేదు. చేతిలో పట్టుకుని, అది నవ్వినంతసేపూ చూస్తూ ఉండిపోయాడు.

చిన్నీకి పళ్లొచ్చి ఎన్నేళ్లో అయింది. ఆ నవ్వు ఫోటో మా దగ్గరా లేదు.