కాన్యన్ రోడ్డుకి ఎంత గాలి?

సెప్టెంబరులో ఒక గురువారం మధ్యాహ్నం రెండు నలభైకి నేపర్‌విల్‌లో డెన్వర్ రైలెక్కాం, నేనూ మా అమ్మాయి సుధా. సైకిల్ సామాన్ల బోగీలోకి వెళ్లింది. దానికీ ముందే బుక్ చేసుకోవాలి. నాకు అరవై ఎనిమిది. కిందటేడు మంచు మీద జారి కుడి మణికట్టు విరిగితే లోపల ప్లేటు వేశారు. అప్పటినుంచి సైకిల్ మానమని సుధ పోరు. చివరికి ఒప్పందం కుదిరింది: కొలరాడోలో నేను కోరుకున్న, కొండలోయ వెంట పైకెక్కే కాన్యన్ రోడ్డు ఒక్కసారి ఎక్కి దిగాలి, తను కారులో వెంట వస్తుంది. చెయ్యి మొరాయించి నేను కారెక్కితే మాత్రం సైకిల్ ఎవరికైనా ఇచ్చేయాలి.

పక్క సీటు తెలుగమ్మాయి మా పులిహోర తింటూ, "సైకిల్ మీ మనవరాలిదా ఆంటీ?" అంది.

"నాదే."

"ఓ మై గాడ్! మా మమ్మీ వాకింగ్ కూడా చెయ్యదు."

శుక్రవారం ఉదయం ఏడున్నరకి డెన్వర్. కారు అద్దెకు తీసుకుని మధ్యాహ్నానికి కాన్యన్ దగ్గరి మోటెల్ చేరాం. సాయంత్రం టైర్లకు గాలి కొట్టాను. టైరు పక్కన అచ్చువేసిన గాలి ఒత్తిడి అంకె వంద, నేను పెట్టేదీ వందే. పదకొండేళ్లలో ఒక్క అంకె తగ్గించలేదు.

శనివారం ఏడుంబావుకి బయలుదేరాను. పైకి పదకొండు మైళ్లు. ఎర్రటి రాతిగోడల మధ్య రోడ్డు, పక్కనే ఏరు. మూడో మైలు దాటాక తారంతా పగుళ్లు, అతుకులు. మా చదును రోడ్ల మీద ఎరగని అదురు హ్యాండిల్ నుంచి మోచేతి దాకా పాకింది. అయిదో మైలుకి చిటికెన వేలూ ఉంగరపు వేలూ మొద్దుబారాయి.

ఆరో మైలు దగ్గర సుధ రోడ్డు పక్కన కారాపి నిలబడి ఉంది.

"చెయ్యి ఎలా ఉందమ్మా? నిజం చెప్పు."

"రెండు వేళ్లు తెలియడం లేదు."

"చాలు. ఎక్కు." డిక్కీ తెరిచేసింది.

అక్కడ నీళ్లు తాగుతున్న ముసలి సైకిలిస్టు, రాయ్ అట పేరు, నా ముందు టైరు నొక్కి చూసి ఎంత పెట్టావన్నాడు. వంద, టైరు మీదే రాసుందన్నాను. నవ్వాడు. "అంతకు మించొద్దని రాశారు, అంత పెట్టమని కాదు. మనిషివి పిట్టంత ఉన్నావు!"

పదకొండేళ్లు! సిగ్గేసింది. ఆయన గాలి కొలిచే గేజీ తీసి ముందు అరవైకి, వెనక అరవై అయిదుకి దించాడు.

"పావుగంట ఇవ్వు సుధా."

"పావుగంటే. తర్వాత ఒక్క మైలు. మళ్లీ మొద్దుబారిందా, నో డిస్కషన్."

పద్నాలుగు నిమిషాలకు వేళ్లకు స్పర్శ వచ్చింది. ఏడో మైలు రోడ్డు ఇంకా గతుకులే. దెబ్బ మాత్రం టైరు దగ్గరే ఆగిపోతోంది. సుధ కారు దిగి నా వేళ్లు ఒక్కొక్కటీ గిల్లి చూసి పొమ్మంది. తొమ్మిదింబావుకి పైకి చేరి, అక్కడి చిన్న కొట్లో కాఫీ తాగాం.

అసలు భయం దిగడమే. బ్రేకు మీంచి చెయ్యి తీయడానికి ఉండదు. పదింటికి మొదలుపెట్టి పదీ నలభైకి కింద కాలు మోపాను. బొటనవేలిని నాలుగు వేళ్లకూ ఆనించి చూశాను, నాలుగూ మాట విన్నాయి. ఎందుకో కళ్లనీళ్లొచ్చాయి.

ఆదివారం సాయంత్రం తిరుగు రైల్లో సుధ కుదురుగా కూర్చోలేకపోయింది.

"ఆ గతుకులకి నా నడుం పోయిందమ్మా. వచ్చే ఏడు నీ వెనక నేను రాను."

"మరి?"

"పైన కాఫీ తాగుతూ ఉంటా. నువ్వే వచ్చెయ్."

వెళ్లదలచినవారికి నేను చెప్పేది ఒక్కటే: గాలి మీ బరువుకీ రోడ్డుకీ తగ్గట్టు పెట్టండి. ఆ రాత్రి రైల్లోనే దుప్పటి కప్పుకుని, చెయ్యి విరిగాక మొదటిసారి మధ్యలో మెలకువ రాకుండా నిద్రపోయాను.