అక్క కాలికి కొలిచిన ఫుట్‌రెస్ట్

ఎనభైల మొదట్లో మాట. భూపాలపల్లిలో మా మేనకోడలు శోభకు కొడుకు పుట్టాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి పేరు పెడతామని కబురొచ్చింది. శోభ తల్లి, అంటే మా అక్క నర్సమ్మకు మోకాలు విరిగి అతికింది గానీ సరిగా మడత పడదు. బస్సు మెట్లు ఎక్కలేక మూడేళ్లుగా జనగామ దాటలేదు.

"అమ్మమ్మ లేకుంట పేరెట్ల పెడ్తరు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటే, నా మోటారు సైకిలు మీద తీసుకుపోతానన్నాను. అది నేను కొన్న పాత బండి. కొని నెలైనా కాలేదు.

పొద్దున ఏడింటికి బయలుదేరాం. అక్క ఒక పక్కకు కూర్చుంది. చక్రంలో చీర పడకుండా వేసిన జాలీకి కింద కాలు పెట్టుకునే రేకుంది. రఘునాథపల్లి దాటేసరికి నా వీపు మీద చరిచింది.

"జర ఆపు తమ్మీ. కాలు మొద్దుబారింది. ఘన్‌పూర్ల నన్ను రైలెక్కియ్యి, ఇంటికి పోత."

ఎనిమిదిన్నరకు స్టేషన్ ఘన్‌పూర్ చేరాం. రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో రిపేరు దుకాణం కనబడితే ఆపాను. మెకానిక్ యాకూబ్‌కు అరవై ఏళ్లుంటాయి. నేను చెప్పింది విని, పానా పట్టుకుని కూడా బండిని ముట్టలేదు.

"చెల్లె, నువ్వు బండెక్కి కూసో. తమ్మీ, నువ్వు గూడ. బండిని కాదు, మనిషిని కూసోబెట్టి కొలువాలె."

అక్క కాలు రేకు మీద పెడితే మడత పడని ఆ మోకాలు బలవంతంగా పైకి లేచింది. ఆయన తలూపాడు. ఇనుప పట్టీకి కొత్త బెజ్జం వేసి, రేకును నాలుగు వేళ్లు కిందికి దించాడు. రైల్వే గేటు దాకా పోయి రమ్మన్నాడు. గేటు దగ్గరి ఎత్తు దిగుతుంటే రేకు నేలకు రాసుకుని కర్రుమంది. అక్క కాలు పైకెత్తి, "ఓయమ్మో!" అని నా చొక్కా పట్టుకుంది. గేటు దగ్గర నిలబడ్డ వాళ్లంతా నవ్వారు. అక్కకు కూడా నవ్వాగలేదు.

తిరిగొచ్చాక యాకూబ్ రేకును ఒకటిన్నర వేలు పైకి లేపాడు. తర్వాత నా కాళ్ల వైపు చూశాడు.

"నీయి మరీ ముందటికున్నయి. బ్రేకు తొక్కినప్పుడల్ల ఎనక్కి జారి చెల్లెను నూకుతున్నవు. ఆమె పరేషాన్ గాక ఏమైతది?"

నట్లు వదులు చేసి నా ఫుట్‌రెస్టులు వెనక్కి తిప్పి బిగించాడు. బ్రేకు పెడలు కూడా నా పాదానికి అందేలా సరిచేశాడు. అప్పటిదాకా అక్కకు నొప్పి మోకాలి వల్లే అనుకున్నాను. సగం నా వల్లేనని తెలిసి సిగ్గేసింది.

పదిన్నరకు మళ్లీ కదిలాం. హనుమకొండలో పన్నెండింటికి భోజనం చేశాం. ములుగు దారిలో అక్క మాటలు ఆగలేదు. "గా పత్తి సూడు, ఎంత ఏపుగున్నదో!" అంటూ ప్రతి చేనూ చూపించింది. ఆ రోడ్డున ఎవరైనా పోతే మధ్యలో రెండు చోట్ల దిగి కాళ్లు చాపుకోవాలి. మేము ములుగులో ఒకసారి, అది దాటాక వచ్చే ఇంకో ఘనపూర్‌లో టీ కోసం ఒకసారి దిగాం. భూపాలపల్లి ఇంటి ముందు బండి ఆపేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

తల్లిని చూసి శోభ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. "అవ్వా! ఎట్లొచ్చినవే?"

"ఎట్లేంది? మారాణి లెక్క వచ్చిన," అంది అక్క.

మనవడి చెవిలో పేరు చెప్పింది ఆమే.

మర్నాడు తిరుగు ప్రయాణం పరకాల మీదుగా. ఎవరినైనా వెనక కూర్చోబెట్టుకుని దూరం పోయేవాళ్లు ముందుగా వాళ్ల కాళ్ల సంగతి అడగాలని ఆ దారంతా అనుకుంటూ వచ్చాను. స్టేషన్ ఘన్‌పూర్ దాటబోతుంటే అక్క మళ్లీ వీపు మీద చరిచింది. బండి పక్కకు ఆపి, "నొస్తుందా అక్కా?" అన్నాను.

"నొప్పేంది? గిటు పోతె పాలకుర్తేనాయె. మన పెద్దనాయిన బిడ్డ లచ్చక్కను సూడక నాలుగేండ్లాయె. పొద్దింకా మస్తున్నది, తిప్పు బండి."

తిప్పాను.