సీరుగా వచ్చిన కారు

ఆవణి నెల, మూడో ఆదివారం, మధ్యాహ్నం భోజనాలైన తర్వాత. ఉన్నవాళ్లు: నేను, నా ఇంటావిడ, మదురై నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, పక్క వీధిలో కాపురముంటున్న మా అమ్మాయి. విషయం: కారు తాళం ఇకమీద నా దగ్గర ఉండవచ్చా, కూడదా.

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే, అరవ నెల పేరుతో మొదలవుతుంది. తుడియలూరులో పంపులు తయారుచేసే కంపెనీలో నేను పరీక్ష విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ ముందు తేదీ, తర్వాత దగ్గరున్నవాళ్లు, ఆ తర్వాతే సంగతి రాయాలి. ఆ అలవాటు నా సొంత డైరీలోకీ వచ్చేసింది. కంపెనీ కాగితాలు ఇంగ్లీషులో ఉండేవి, డైరీ మాత్రం మా నాయన నేర్పిన తెలుగులో రాస్తాను. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగే ఇల్లు వెతుక్కోవాలి. ఆ ధైర్యంతో మనసులో ఉన్నదంతా రాసుకుంటాను.

ఆ ఆదివారం అందరినీ కూర్చోబెట్టింది మా అమ్మాయి. అంతకు ముందు వారం ఒక మలుపులో నేను కారు తిప్పబోతే స్టీరింగు కదల్లేదు. కారు నేరుగా పోయి రోడ్డు పక్కన కొబ్బరి బొండాల బండిని తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ బొండాలు రోడ్డంతా దొర్లాయి, బస్సులు ఆగాయి. ఒక కండక్టరు దిగి నెరిసిన నా తల చూసి, “ఇంట్లో మనవళ్లు ఎవరూ లేరా తాతా, బండి నడపడానికి?” అని తమిళంలో అడిగాడు. పక్క సీట్లో నా ఇంటావిడ తల వంచుకుని కూర్చుంది.

అది మొదటిసారి కాదు. మాసి నెల నుంచీ, అంటే ఆరు నెలలుగా అలాగే ఉంది. బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి స్టీరింగు బండరాయిలా బిగుసుకునేది. కొంచెం దూరం పోయాక మళ్లీ మామూలయ్యేది. మెకానిక్కు షెడ్డుకు తీసుకుపోతే అక్కడ వెన్నలా తిరిగేది. అతను ఒక చుట్టు తిప్పి తెచ్చి, “నాకేమీ తెలియలేదు సార్, బాగానే ఉంది” అనేవాడు. మదురైకి ఫోను చేస్తే పాత కార్లు అమ్మే బావమరిది నవ్వేవాడు. “మా యార్డు నుంచి పోయిన బండిలో తప్పుండదు బావా. ఒకసారి డాక్టరుకు చెయ్యి చూపించుకోండి.” ఇంటావిడ కూడా అదే అనేది. “వయసైంది గదా మీకు.” అందుకే మా అమ్మాయి నన్ను చేతుల డాక్టరు దగ్గరికి, కళ్ల డాక్టరు దగ్గరికి తిప్పింది. ఇద్దరూ పర్వాలేదన్నారు. అయినా నాకు నమ్మకం పోయింది. ముందు చీకటి పడ్డాక నడపడం మానేశాను. తర్వాత పళని దారి మానేశాను. చివరికి ఇంటావిడ మోకాళ్లకు సోమవారం సోమవారం వ్యాయామం చేయించే ఆసుపత్రి దాకా మాత్రం మిగిలింది. ఆమె బస్సు మెట్టు ఎక్కలేదు గనక ఆ ఒక్కటీ పట్టుకుని ఉన్నాను. అది కూడా పోతే మనిషిగా నేను ఇంకొకరి వెనక సీటులో కూర్చునేవాణ్ణి అయిపోతానని నాకు తెలుసు.

ఈ కారు నేను కొన్నది కాదు. నా డెబ్భయ్యో ఏటి శాంతి కల్యాణానికి ఇంటావిడ పుట్టింటి సీరుగా వచ్చింది. మా వాళ్లలో ఆడబిడ్డ ఇంట్లో శుభకార్యమంటే ఆమె అన్నదమ్ములు చీర, పసుపు, పండ్లు తట్టల్లో పెట్టుకుని మేళంతో వస్తారు. ఆ తట్టలనే సీరు అంటాం. ఆమె అమ్మానాన్నలు పోయారు, అన్న పోయాడు. మిగిలింది ఈ తమ్ముడొక్కడే. మదురైలో పాత కార్ల యార్డు నడుపుతాడు. ఆ రోజు తట్టల వెనక బానెట్టుకు మల్లెదండ వేసి ఈ కారును నడిపించుకొచ్చాడు, తాళం వెండి పళ్లెంలో పెట్టి అక్క చేతికి ఇచ్చాడు. పాత కారే అయినా కొత్తదానిలా మెరుస్తోంది. బంధువులంతా వచ్చి చూశారు. నా ఇంటావిడ ముఖం నేను మా పెళ్లినాడు కూడా అంత వెలుగుతో చూడలేదు.

సీరు తట్ట మీది గుడ్డ మగవాళ్లు ఎత్తరు. ఏమి తెచ్చారని అడగరు, తిప్పి చూడరు. చూస్తే పుట్టింటివాళ్లను అనుమానించినట్టు. నడిపి చూడకుండా ఒక్క పంపును బయటికి పంపని నేను ఆ కారు బానెట్టు ఎత్తలేదు, కింద వంగి చూడలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా. షెడ్డుకు తీసుకుపోయినప్పుడు స్టీరింగు ఒక్కటే చూడమన్నాను, మిగతా ఏదీ విప్పించలేదు. లోపల అత్తరు వాసన గట్టిగా కొట్టేది. ఏసీ వేస్తే దాని కింద ఇంకేదో తడివాసన వచ్చేది. పాత సీట్లు గదా అనుకున్నాను.

ఆదివారం సంగతికి వస్తాను. మా అమ్మాయి మెల్లగా మొదలుపెట్టింది.

“కోపం చేసుకోవద్దు నాయనా. ఇంక నువ్వు బండి తియ్యొద్దు. అమ్మను ఆసుపత్రికి నేను తీసుకుపోతా.”

“నీకు కాలేజీ ఉండాది గదా?”

“సెలవు పెడతా. లేకుంటే ఆటో పిలుస్తాం.”

బావమరిది తమలపాకు ఈనె తీస్తూ అన్నాడు: “వయసు అందరికీ వచ్చేదే బావా. మా నాయన కడాకడాకి ఎద్దులు కట్టకుండానే బండెక్కి కూర్చుని, ఏమిట్రా కదల్లేదే అని అరిచినాడు. మీరు ఇంకా అంత దూరం రాలేదు.”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

“ఈ బండి నేను మదురైకి తీసుకుపోతా,” అన్నాడు. “మీకు దాంతో ఏమి పని ఇంక?”

ఇంటావిడ వైపు చూశాను. “నువ్వేమంటావు?”

“నేను చెప్తే మీరు ఎప్పుడు విన్నారు?” అంది. “అమ్మాయి చెప్పిందే నేను కూడా చెప్పేది.”

సరే అన్నాను. తాళం తీసి తమలపాకుల తట్టలో పెట్టాను. తర్వాత బకెట్టూ గుడ్డా తీసుకుని లేచాను. ఒకరి వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు శుభ్రం చేసి ఇవ్వాలని నా పద్ధతి.

“కడిగేది ఏమిటికి బావా? ఉండేది ఉండేట్టే ఇయ్యండి. యార్డులో కడుగుతారు,” అంటూ అతను నా వెనకే లేచాడు. “ఎండలో ఏమిటికి?”

“నువ్వు కూర్చోపా. మజ్జిగ తాగు.”

అద్దాలు తుడిచాను, స్టీరింగు పక్క అరలో ఉన్న నా కళ్లజోడు తీసుకున్నాను. డ్రైవరు సీటు బెల్టు మీద నా చెమట మరక ఉంది. దాన్ని తుడుద్దామని లాగాను. రోజూ నేను వేసుకునే బెల్టే. కానీ బెల్టును ఎవరూ చివరిదాకా లాగరు, ఒంటికి ఎంత కావాలో అంతే లాగుతారు. ఆ రోజు మొత్తం బయటికి వచ్చేదాకా లాగాను. నల్లగా వస్తూ వస్తూ ఒక గీత వచ్చింది. గీత అవతలంతా మట్టి రంగు. నీళ్లు నిలిచి ఎండిపోతే మిగిలే గీత అది. మా పరీక్ష తొట్టి గోడ మీద అలాంటి గీతనే రోజూ చూసేవాణ్ణి. వెనక డిక్కీ తెరిచి, స్టెప్నీ కింద పరిచిన మ్యాటు ఎత్తాను. మూలల్లో మెత్తటి ఒండు పేరుకుని ఉంది.

ఈ కాలపు కారులో స్టీరింగుకు కరెంటు మోటారు సాయం చేస్తుంది. దాని వైర్ల కొసల్లోకి నీళ్లు పోయి తుప్పు పడితే అది ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. ఇంత సులభమైన సంగతి. నా చేతుల వైపు చూసుకున్నాను. వాటికి ఏమీ కాలేదు.

లోపలికి వచ్చి వాకిట్లోనే నిలబడి అడిగాను: “ఈ బండి నీళ్లల్లో మునిగిందా?”

మా అమ్మాయి నా ముఖం చూసింది. ఇంటావిడ నన్ను చూడలేదు, తమ్ముడి వైపు చూసింది. నాకు అక్కడే అర్థమైపోయింది.

“విడుంగ బావా, వదిలెయ్యండి,” అన్నాడు అతను. “మునిగిందని చెప్పలేం. మదరాసులో వానకు నిలబడిపోయిన బండి. నీళ్లు సీటు దాకానే వచ్చినాయి.”

“సీటు దాకా వస్తే మునిగిందనరా మామా? తలంటి పోసుకుందంటారా?” అంది మా అమ్మాయి.

“నువ్వు ఉండు పాపా. ఎండబెట్టినాం, సీట్లు మార్చినాం. మంచి బండి. ఆ స్టీరింగు ఒకటే కొంచెం...”

“ఆ కొంచెం నీకు ఎప్పట్నుంచి తెలుసు?” అన్నాను.

అతను నోరు తెరిచేలోపల ఇంటావిడ అంది: “నాకు మాసిలోనే చెప్పినాడు. మీరు ఫోను చేసిన మరుదినమే. ఎట్లనన్నా సరి చేస్తాను అక్కా, బావకు చెప్పొద్దు అన్నాడు.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే మీరు ఊరుకుంటారా? మదురైకి పోయి వాడి యార్డులో నిలబడి నలుగురి ముందర అడుగుతారు. సీరు తిప్పి పంపినారని మనవాళ్లంతా చెప్పుకుంటారు. నాకు ఉండేది వీడొక్కడే.”

“అందుకని నా చేయి పోయిందన్నావా?”

“చేయి పోయిందని నేను చెప్పలా. వయసైందని చెప్పినా. అది నిజమే గదా?”

మా అమ్మాయి లేచి నిలబడింది. “ఇద్దరు డాక్టర్ల దగ్గరికి నేనే తిప్పినా గదమ్మా! నువ్వు నా వెనకే కూర్చుని డాక్టరు మాటకు తల ఊపినావు గదా!” ఇంటావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు.

బావమరిది చేసింది నాకు కొంత అర్థమవుతుంది. పేరు కోసం చేశాడు, అమ్ముడుపోని బండిని సీరు చేశాడు. అతను వ్యాపారి. నాకు మింగుడుపడనిది ఇంకొకటి. తాళం నా దగ్గర ఉండవచ్చా అని పెట్టిన ఆ పంచాయితీలో, అసలు సంగతి తెలిసిన ఇద్దరు, తెలియని ఇద్దరికి ఎదురుగా ఆకు వక్క వేసుకుంటూ కూర్చున్నారు. నేను తాళం తట్టలో పెట్టేదాకా చూస్తూ ఉన్నారు. నెలల తరబడి నేను డైరీలో “ఈ రోజు చేయి బరువు” అని రాసుకున్నాను. నా చేత్తో నా గురించి అబద్ధం రాయించారు. ఇంకా విచిత్రం, ప్రతి సోమవారం ఆమె అన్నీ తెలిసి ఆ కారులోనే నా పక్కన కూర్చుంది. నా ప్రాణం మాట అటుంచినా, తన ప్రాణం కంటే తమ్ముడి మర్యాద ఎక్కువైంది ఆమెకు. దాన్ని గొప్ప అనాలో ఏమనాలో ఈ రోజుకీ తెలియడం లేదు.

సాయంత్రం అతను అదే కారులో పోతానంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. లారీ పిలిపించి ఎక్కించింది. ఆర్‌సీ పుస్తకం నేను ఇవ్వలేదు. బండిని తుక్కుకు వేసినట్టు కాగితం తెచ్చాకే ఇస్తానన్నాను. “ఇంకెవరికీ అమ్మను బావా, సత్యంగా,” అన్నాడు. నేను పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. అతను బస్సుకు పోయాడు. అక్క వాకిలి దాకా పోయి సాగనంపింది. నేను పోలేదు.

మరునాడు సోమవారం. పొద్దున మా అమ్మాయి తన చిన్న కారు తెచ్చి మా గేటు ముందు నిలిపి, “నువ్వే తీసుకుపో నాయనా,” అని తాళం నా చేతిలో పెట్టి, అల్లుడి బైకు వెనక ఎక్కి కాలేజీకి పోయింది. ఇంటావిడ ఎప్పటిలాగే చేతిసంచితో వచ్చి పక్క సీట్లో కూర్చుంది. స్టీరింగు ఎటు తిప్పితే అటు తిరిగింది.

నా మెడ ఎడమ పక్కకు సరిగా తిరగదు. కంపెనీలో ఉన్న రోజుల నుంచే అంతే. అందుకే ఎడమ మలుపు వస్తే ఆమె చూసి చెబుతుంది, నేను తిప్పుతాను. ఆసుపత్రి సందు దగ్గర ఆమె కిటికీలోంచి చూసి, “ఎవరూ లేరు. తిప్పండి,” అంది.

నేను తిప్పలేదు. బండి ఆపి, సీట్లోంచి ఒళ్లంతా ఎడమ వైపుకు వంచి, ఆమె మీదుగా అద్దం దాకా వంగి చూశాను. వెనక ఎవరో హారను కొట్టారు. ఆమె నాకు అడ్డం రాకుండా సీటుకు ఆనుకుని కదలకుండా కూర్చుంది.

నిజమే, ఎవరూ లేరు. తిప్పాను.